కొంగ ముక్కు

మల్కాపురం పార్కులో నీళ్లు పట్టేది నేనే.
మందారాలకి, గడ్డికి,
చెయ్యి అలవాటులో ఒక్కోసారి
ఇనప కొంగక్కూడా.

"దానికెందుకే నీళ్లు, తుప్పడతాది!"
సూరప్పడు బాబాయి కేక.
పట్టకపోతే మాత్రం పట్టదా?
ఇక్కడ గాలే సగం ఉప్పు.
పొద్దున ఆరేసిన చీర
సాయంత్రానికి అప్పడంలా ఉంటుంది.

ముప్పయ్యేళ్లు షిప్‌యార్డులో ఫిట్టరు.
దిగిపోయిన రోజు శాలువా కప్పి
గోడగడియారం ఇచ్చారు.
గడియారం అమ్మేసి,
గాజువాక పాతసామాన్ల కొట్లో
కిలోల లెక్కన పనిముట్లు తెచ్చుకున్నాడు.

పిడి ఊడిన పార కప్పయింది.
బొగ్గుల ఇస్త్రీపెట్టె తాబేలు,
మూతెత్తితే లోపల బల్లిగుడ్లు.
సైకిలు చైను తోకున్న కుక్క
మనుషులొస్తే ఊపదు,
తుపాను గాలొస్తే ఊపుతుంది.
పిల్లలు దానికి బిస్కత్తులు పెడతారు,
కాకులు బలుస్తున్నాయి.

కొంగ అన్నిటికంటే ఎత్తు.
నీటిపైపుల కాళ్లు, రంపం బద్దల రెక్కలు,
ముక్కేమో పెద్ద పైపు రెంచి.

మొన్న శ్రావణంలో
ప్లంబరు దాలినాయుడు అటుగా పోతూ ఆగాడు.
కొంగ ముక్కు మీద రంగుని
బొటనవేలితో రుద్దాడు, రుద్దాడు.
కింద మూడు గాట్లు,
ఆకురాయితో గీసినవి.

"మా అయ్యకి అచ్చరం ముక్క రాదు.
తన సామానుకి ఇదే సంతకం."
కాసేపాగి,
మా వైపు కాదు, కొంగ వైపు చూస్తూ,
"గోనెసంచీతో సహా తూకానికేసింది నానే" అన్నాడు.

బాబాయి మాటాడలేదు.
జేబులోంచి స్పానరు తీసి
ఒకే ఒక్క నట్టు విప్పాడు.
"వెల్డింగు ఎట్టలేదురా.
పని సేసిన ఇనుము కదా,
ఎప్పుడెవుడు పిలుత్తాడో ఏటో."

ముక్కు లేని కొంగ
కళ్లజోడు తీసేసిన హెడ్మాస్టరులా
ఎటో చూస్తూ నిలబడింది.

దాలినాయుడు గేటు దాటలేదు.
నా కుళాయి దగ్గర కూచున్నాడు,
మునిసిపాలిటీ వాళ్లు మూడుసార్లొచ్చి
చూసి, రాసుకుని వెళ్లిన కుళాయి.
రెంచి ఒకసారి జారింది.
అరచేతిలో ఉమ్ముకుని మళ్లీ పట్టాడు.
రెండేళ్లుగా కారుతున్న చుక్క ఆగిపోయింది.

అప్పుడు తెలిసింది
ఎంత చప్పుడులో బతుకుతున్నానో.
దూరంగా ఓడ కూత కూడా
కొత్తగా వినిపించింది.

చొక్కాతో తుడిచి
తనే తీసుకెళ్లి బిగించాడు.
కొంచెం వంకరగా.
ఇప్పుడా కొంగ నన్నేదో అడగబోయి
ఆగినట్టుంటుంది.

గట్టి పనేదైనా పడితే
దాలినాయుడు ముక్కు అరువు పట్టుకెళతాడు.
ఆ పూట పిల్లలు నా కొంగు పట్టుకుంటారు,
ముక్కేదీ, ముక్కేదీ అని.

డ్యూటీకెళ్లిందర్రా అంటాను.
బీ షిఫ్టు.
రాత్రి పదికి దిగుతుంది.