పలకని బి

ప్లంబర్ల బి పలకద్దట.
సనయ్య ముప్పై ఎనిమిదో వీధి స్టోర్ల
కురియాకోస్ జెప్పిండు,
ఎల్బోలు లెక్కవెట్టుకుంట, తలకాయ ఎత్తకుంటనే.
హిందీ సక్కగ రాని ఇద్దరం
హిందీలనే మాట్లాడుకుంటం.
"ప్లమర్ అనాలె లింబాద్రీ. బి సైలెంట్."

పద్నాలుగేండ్ల సంది బి తోనే బతికిన.
మెట్‌పల్లిల పని నేర్చిన నాడు ప్లంబర్,
ఏజెంటుకు పైసలు గట్టిన నాడు ప్లంబర్,
వీసా కాయితం మీద వేలు వెట్టి
కూడవలుక్కుంట సదివిన నాడు సుత ప్లంబరే.
మనది రాసింది రాసినట్టు సదివే నోరు.
ఒత్తు ఉంటె ఒత్తుతం,
సున్న ఉంటె ముక్కుల్నించి తీస్తం.
రాసి సదవద్దంటె ఎట్ల,
ఇస్తారేసి అన్నం వెట్టి ముట్టద్దన్నట్టు?

"మరెందుకు రాసిండ్రు?" అన్న.
కురియాకోస్ కాడ జవాబు లేదు.
అరంగుళం కప్లింగులు ఇరవై,
టేపు ఒక డబ్బా ఇచ్చి
సంతకం వెట్టుమన్నడు.

ఆ దినం సంది నాకిదే పని,
ఎక్కడెక్కడ దాక్కున్నదో దేవులాడుడు.
దువ్వెనల ఉన్నదట.
గొర్రెపిల్లల ఉన్నదట.
బొటనవేలుల ఉన్నదట,
తెల్లారగట్ల నాలుగింటికి బస్సెక్కే ముంగట
మిషన్ మీద ఒత్తే ఆ వేలులనే.
"అప్పుల?" అన్న.
"ఉంది. డెట్. డి, ఇ, బి, టి."
అదీ పలకదట.
మా ఇంట్ల పలుకుతది కురియాకోస్,
ఒకటో తారీకు రాంగనే
ఫోన్ల ఎంత గట్టిగ పలుకుతదో
నీ మంచం దాకా ఇనవడతది.

మా ఫోర్‌మన్ షౌకీది ఇంకో కథ.
ఈజిప్టాయన. నోట్ల పి లేదు.
పైపు బైబు, పంపు బంబు,
పార్కింగు బార్కింగు.
మూడంతస్తుల కిందికెళ్లి నన్ను పిలుస్తడు:
"యా బ్లమర్!"
నడుమల మాయమైన బి
ముంగటికొచ్చి నిలవడ్డది.
నవ్వుకు రెంచి జారి కాలు మీద పడ్డది.
కురియాకోస్ నవ్వలే.
స్పెల్లింగు స్పెల్లింగే అన్నడు.

పోయినేడు సెలవు కాయితం
ఎవ్వరినీ బతిమాలకుంట నేనే రాసిన.
ఆఫీసుల పిల్ల సదివి, మెల్లగ, నవ్వకుంట జెప్పింది:
నువ్వు రాసింది సెలవు కాదన్నా, బతుకుడు.
రెండు నెలలు బతుకుతనని రాసినవ్.
మన దాంట్ల గుడికి, గుడిదీర్ఘానికి
చిన్న తోకంత తేడా.
దిద్దాల్నా అని పెన్ను తీసిన.
"ఉండనియ్," అన్నది.
"తప్పేం లేదు."

ఇంకో ముచ్చట ఎవ్వరికి జెప్పలే.
ఎవరో టైపు జేస్తుంటె
నా పాస్‌పోర్టులకెళ్లి ఒక అక్షరం రాలిపోయింది.
లిమాద్రి అని ఉన్నది.
బత్తాకా మీద, బ్యాంకు కార్డు మీద,
హెల్మెట్ మీద, ఇనుప మంచం అంచు మీద
లిమాద్రే.
మా అమ్మమ్మ గుట్టెక్కి మొక్కి తెచ్చిన పేరు,
పెదవులు రెండు కలవంది రాని పేరు.
నా పేరుల పలికే బి రాయలే.
నా పనిల రాసిన బి పలకరు.
ఆ రెండిటినీ ఓ శుక్రవారం పిలిచి
ఒక్క చాపేసి కూసుండవెట్టి
చాయ్ పొయ్యాలనిపిస్తది.

నిన్న పద్దెనిమిదో అంతస్తుల
టైల్సోళ్లు పని ఒడగొట్టుకొని పోయిండ్రు.
నేనేసిన పైపులన్నీ గోడలల్లకు పోయినయ్.
ఏడికెళ్లి ఏడికి పోతున్నయో
ఇగ నాకూ ఆ గోడకే ఎరుక.
వాల్వు తిప్పి, నల్ల ఇప్పిన.
ముందుగాల నీళ్లు రాలే.
గాలి వచ్చింది, ముసలోడు దగ్గినట్టు,
బ్, బ్, బ్బ్బ్

కురియాకోస్‌కు ఫోన్ గొట్టి
నల్ల మూతి కాడ వెట్టిన.
"ఏందది?" అన్నడు.
"ఇను," అన్న.
ఆయన ఇంకేదో అనేలోపల
నీళ్లొచ్చినయ్.