లోడు పైనుంది

పొద్దున రౌండ్సులో కుర్ర డాక్టరమ్మ అంటుంది:
"ఎల్లాజీ గారూ, రెండు చేతులూ ముందుకు చాపండి.
బస్సు ఆపుతున్నట్టు అరచేతులు నిలబెట్టండి."

ఇరవై రెండేళ్లు పోర్టులో
క్రేనుకి సైగలు చేసిన చేతులు.
మావ అరచెయ్యి అడ్డం పెడితే
నలభై టన్నులు గాల్లో అక్కడికక్కడే ఆగిపోయేవి.
ఇప్పుడు మణికట్టు దగ్గర ఏదో జారుతుంది,
పట్టుకుంటుంది, మళ్లీ జారుతుంది.
బుట్ట అడుగున చచ్చిందనుకున్న చేప
ఒక్కసారి తోక ఆడించినట్టు.
ఆవిడ కాగితం మీద రాసుకుంటుంది.
నేను ఆ చేతుల్ని దుప్పటి కిందికి తోసేస్తాను.

నాది జాలారిపేటలో ఎండుచేపల బేరం.
గోళ్ల నిండా ఉప్పు.
మావ కంచంలో చిటికెడు కూడా పడకూడదట.
మొన్న చప్పిడి కూర కలిపి పెడుతుంటే
నా వేళ్లు పట్టుకుని నాకాడు.
పిచ్చి కాదది. రుచి.

మంగళవారం పొట్టకి సూది గుచ్చి
ఆరు లీటర్లు తీశారు,
ఎండుగడ్డి నానిన నీళ్ల రంగు.
శనివారానికి మళ్లీ బొడ్డు పైకి లేచింది.
నేను ముగ్గుర్ని మోశాను,
పక్కకి ఒత్తిగిలలేని బరువు నాకు తెలుసు.
దీనికి మాత్రం నెలలు నిండవు.
చేతులూ కాళ్లూ తెడ్డుకర్రలు,
పాదాలు నొక్కితే నా వేలిగుంట అలాగే ఉండిపోతుంది.

దురద గురించి ఎవరికి చెప్పను?
గోళ్లు కత్తిరించేస్తే దువ్వెనతో గీక్కున్నాడు,
దువ్వెన దాచేస్తే మంచం పట్టీకి వీపు రాసుకున్నాడు.

పక్క మంచం ఆవిడ అడిగింది:
"ఏపాటి తాగీవోడమ్మా?"
"తాగనేదమ్మా. ఎప్పటిదో సూది,
రగతంలోకి వచ్చిందన్నారు."
ఆవిడ తలూపింది, నమ్మలేదు.
ఆవిడ మగడు తాగాడు.
ఇద్దరి కళ్లూ ఒకటే పసుపు.

తియ్యటి మందు తాగించాలి,
నాలుగు విరేచనాలవ్వాలి,
ఆ రోజు నా పేరు గుర్తుంటుంది.
రెండే అయితే నన్ను "అప్పా" అంటాడు,
ఎప్పుడో పోయిన వాళ్లక్క అనుకుని.

పగలంతా నిద్ర. రాత్రంతా నైట్ షిఫ్టు.
హార్బరు నుంచి ఓడ కూత వినబడితే
లేచి కూర్చుని సీలింగు ఫ్యానుకి సైగ చేస్తాడు:
దించు, దించు, మెల్లగా.

నిన్న రెండున్నరకి గ్లాసుతో దగ్గరికి వెళ్తే
అరచెయ్యి అడ్డం పెట్టాడు.
"లోడు పైనుందే, కింద నిలబడకు."

నేను తప్పుకోలేదు.
నీళ్లు పట్టాను.
సగం గడ్డం మీద కారిపోయాయి.