గకి గ వత్తు

మొదటి బోర్డు నా చేతిలోనే పోయింది.
ప్లస్సు తగలాల్సిన చోట మైనస్సు తగిలించాను, అంతే.
ఒక చిటపట, కమురు వాసన,
వారం రోజుల వైండింగు కూలి
అగ్గిపుల్లంత పొగై లేచింది.

రెండోది పని చేసింది. పదకొండు రోజులు.
ఉప్పుటేరు మీంచి వచ్చే గాలికి
రాగి గీతలు పచ్చబడ్డాయి.
పెట్టె విప్పితే టంకం అతుకుల సందుల్లో
గుడ్లతో సహా చీమల కాపురం.
మళ్ళీ మూసేశాను. ఆ పూటకి ఇల్లు వాటిదే.

మూడోదాన్ని చేపల చెరువులో దింపిన రాత్రే
నీళ్ళల్లో గాలి లేదని రెండు గంటలకి గోల పెట్టింది.
తెల్లారేదాకా ఏరేటర్లు తిప్పాం.
నలభై లీటర్ల డీజిలు.
పొద్దున సెన్సారు పైకి లాగితే మూతినిండా నాచు,
చేపలు మాత్రం హాయిగా ఉన్నాయి.
ఆసామి విస్సంరాజు ఒక్క మాటా అనలేదు.
ఆకివీడులో నా కొట్టుకొచ్చి
బల్ల మీద, పాత మల్టీమీటరు కింద
డీజిలు బిల్లు పెట్టి వెళ్ళాడు.

కాపలా యేసుపాదానికి అంకెలంటే పడదు.
"మూడు పాయింటు రెండంటే ఏంటి బాబూ,
మంచికా, సెడ్డకా?
మాటల్లో సెప్పమను దాన్ని."

సరే, మాటల్లోనే.
బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్ద తెర.
దాని మీద అక్షరాలు దిద్దే ప్రోగ్రాము
ఎవరో ఊరికే రాసి, ఊరికే వదిలేసినది.
విప్పి చూసుకోవచ్చు, తప్పుంటే సరిచెయ్యొచ్చు.
"గాలి తగ్గింది" అని రాశాను.
గ వత్తు కిందికి దిగకుండా
గ నెత్తి మీదకెక్కి కూర్చుంది.
గుడీ వత్తూ కలిసిపోయి సిరా మరక.
యేసుపాదం కళ్ళు చికిలించి చూశాడు:
"ఎవడి మీద ఎవడెక్కాడు బాబూ ఇక్కడ?"

పగలు మోటార్లకి తీగ చుడుతూ చుట్లు లెక్కపెట్టాను,
రాత్రి తెర మీద చుక్కలు.
రెండో తరగతిలో దమయంతి టీచరు
నా పలక లాక్కుని తుడిచేసేది:
"కింద రాయాలిరా వత్తు, కింద!"
ఇరవై రెండేళ్ళ తరవాత కూడా
అదే తప్పు, అదే పలక.

కరెంటు పోయిన రాత్రి దొరికింది.
గళ్ళ కాగితం మీద, సెల్లు వెలుగులో
పెన్సిలుతో చుక్కలు పెట్టుకుంటూ పోతే తెలిసింది:
తెర లోకంలో కిందికి దిగడమంటే కూడిక.
రాసినవాడు తీసివేశాడు.
మైనస్సు కొట్టేసి ప్లస్సు పెట్టాను.
అంతే. ఒక గీత మీద ఇంకో గీత.

దిద్దుబాటు పంపి పద్నాలుగు రోజులు చూశాను.
దాన్ని కనిపెట్టుకునుండే ఆయనది ఫిన్లాండట,
గ తెలీదు, వత్తు తెలీదు.
"ఏది సరైనదో నాకెలా తెలుస్తుంది?" అని అడిగాడు.
న్యాయమే.
తెర ఫోటో తీసి పంపాను,
పక్కన చూపిస్తూ యేసుపాదం వేలు,
గోట్లో చెరువు మట్టితో సహా.
మర్నాడు ఒక్క మాట వచ్చింది: చేర్చాను.
కొట్లో ఎవరూ లేరు చెప్పడానికి.
ఆరిపోయిన టీ తాగి
ఇంకో మోటారు విప్పాను.

నిన్న రాత్రి నాకు ఫోను రాలేదు.
పొద్దున గట్టు మీద యేసుపాదం
వేపపుల్ల నములుతూ చెప్పాడు:
"మూడున్నరకి తగ్గింది అంది. తిప్పాను."
"ఎన్ని పోయాయి?"
"నాలుగు."
పుల్ల పక్కకి ఉమ్మి,
"గ బాగా రాస్తంది ఇప్పుడు" అన్నాడు.

బ్యాటరీ ఉబ్బింది.
మంగళవారం భీమవరం వెళ్ళి
సుభాన్ పాతసామాన్ల కొట్లో వెతకాలి.
పెట్టెలో చీమలు
మళ్ళీ చేరినట్టున్నాయి.