ఎనభై అయిదు వోల్టులు

ఉదయగిరి బస్టాండు ఎనక, నా రీవైండింగు షాపులో
మొన్న మంగళవారం దిగింది ఒక అట్టపెట్టె.
చెక్క గరిటెలు కొనకపోయిన జపానామె ఎవరో
ఖైరూన్‌కి పంపిన రంపం మిషను.
సూదంత రంపం. మీగడ రంగు మోటారు.
అడుగున చిన్న రేకు, దాని మీద అంకెలు:
నూరు వోల్టులు. అరవై సైకిళ్లు.

"రవణయ్యన్నా, పిన్నులు మన ప్లగ్గులో పట్టడంలా.
ఈ బుడిపె తగిలిస్తే పడతాదంట" అని
పెట్టెలోంచి తెల్ల అడాప్టరు తీసింది.
ఆగమ్మా, అన్నాను. ఆగు.
అది కన్నాన్ని మారుస్తాది, కరెంటును మార్చదు.

వింజమూరులో ఒకాయన జ్యూసు మిషను ఇట్టనే పెట్టి చూశాడు.
ఒక్క కూత.
ఆ తర్వాత వార్నిషు కాలిన వాసన.
చీకట్లో దగ్గును బట్టి మనిషిని పోల్చినట్టు
ఆ వాసనను నేను వీధి చివర్నించే పోల్చగలను.

పాత స్టెబిలైజరు ఇప్పదీసి రేకులు తుడిచాను.
వోల్టుకు మూడు చుట్లు.
గోడ వైపు ఆరొందల తొంభై, సన్న తీగ.
నడుమ కాగితం, మూడు పొరలు.
ఈ తీగా ఆ తీగా తాకరాదు,
తాకకుండానే ఇచ్చుకోవాల.
మిషను వైపు మూడొందలు, లావు తీగ.
లెక్క తప్పుతాదని వక్కపలుకైనా నోట్లో వేసుకోలా.

మీటరులో నూరు నిలబడింది. ఎగిరి గంతేశాను.
అరగంట నడిచిందో లేదో
మోటారు మీద చెయ్యి పెట్టలేకపోయాను.

రాత్రంతా ఆ రేకే కళ్లల్లో.
అరవై. మనది యాభై.
వోల్టును దించగలను గానీ
ఎంత రాగి చుట్టినా కరెంటు నాడి మారదు,
యాడ పుట్టిందో ఆడి కొట్టుకుడే కొట్టుకుంటా వస్తాది.
నాడి నెమ్మదించినప్పుడు తిండీ తగ్గాల,
జరం బిడ్డకు జావ పోసినట్టు.

తెల్లారి నలభై అయిదు చుట్లు విప్పాను.
ఎనభై అయిదు వోల్టులు.
ఈసారి గంటన్నర. మోటారు గోరువెచ్చన, అంతే.

కొండ కింద ఆమె పంచలో
బొగ్గూ ఉప్పూ పోసి ఎర్తు గుంట పూడ్పించాను.
ఫ్యూజు చిన్నదే వేశాను, పోతే అదే పోనీ అని.
"నిదానంగా ఉండాదే" అన్నారు చుట్టూ చేరిన ఆడవాళ్లు.
ఆరింట ఒక వంతు తక్కువ తిరుగుతాది, నా చేతిలో లేదు, అన్నాను.
ఖైరూన్ నర్ది చెక్క ఆనించి, తలెత్తకుండా,
"తొందరపెడితే ఈ కర్ర చీలతాదన్నా.
ఉలితో పోలిస్తే ఇదే ఉరుకుడు" అంది.

వచ్చేటప్పుడు ఆ తెల్ల బుడిపె అడిగి తెచ్చుకున్నాను.
ఏ సందేళో, ఎవరో పిల్లోడు, తొందర్లో...
షాపులో సుత్తితో ఒక్కటిచ్చాను.
లోపల ఏముందో చూడాలని కూడా ఉండింది.
రెండు ఇత్తడి రేకులు.
ఇంకేం లేవు.