రెండో రకం

దుక్మ్ దాటాక రోడ్డుకు ఓపిక అయిపోతుంది.
అక్కణ్ణుంచి పికప్ చక్రాలు ఎటంటే అటే.
సంచులు మోయడం, వాటి మీద నంబర్లు రాయడం,
నీళ్ల డబ్బాలు నీడకు జరపడం నా పని.
నీడంటే బండి నీడే.
పదకొండు దాటితే అదీ బండి కిందికి దూరుతుంది.

డాక్టర్ జువైనా రాయి కొరికి చూస్తుంది.
మొదటిరోజు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.
పంటి కింద కరకరమంటే ఒండ్రు,
వెన్నలా జారితే బంకమన్ను.
సీసాలోంచి ఒక్క చుక్క వేస్తుంది,
బుస్సుమంటే సున్నపురాయి.
ఇది మాత్రం నాకు తెలుసు. చెప్పలేదు.
బేతంచెర్లలో మా ఇంటి నాపబండ మీద
నిమ్మకాయ పిండి, మచ్చ చేసి,
అమ్మతో దెబ్బలు తిన్నవాణ్ణి.

ఈ రోజు ఒక పలక తిప్పింది.
దాని మీద అలలు!
నిన్న సాయంత్రం నీళ్లు తీసినట్టు,
రెండేళ్ల ఎడంలో ఒకటి,
ఒక పక్క ఏటవాలు, ఒక పక్క నిటారు.
ఏటవాలు పక్కనుంచి నీళ్లు వచ్చాయట,
నిటారు పక్కకు పోయాయట.
మోకాలి లోతు దాటి ఉండవంది.
ఎవరి మోకాలు? అన్నాను.
కాసేపు ఆలోచించింది.
"అప్పటికి ఎవరికీ మోకాళ్లు లేవు, కంబగిరీ."

మా క్వారీలో ఇలాంటివి ఎన్ని తేలేవో.
కాలికి తట్టుకుంటాయని,
పాలిష్ మిషనుకు లొంగవని
మేస్త్రీ సుద్దతో ఇంటూ కొట్టేవాడు.
రెండో రకం.
పశువుల కొట్టాలకు, బాత్‌రూముల వెనక్కు,
లెక్కపెట్టకుండా, లారీకి ఇంతని.
మిగిలినవి నేనే సుత్తితో కొట్టాను
కంకరకైనా వస్తాయని.
ఎటునుంచి ఎటు పోతున్నారని
ఆ నీళ్లను ఒక్కసారీ అడగలేదు.

ఈమె దాన్ని దూదిలో పెట్టి, పేపరు చుట్టింది.
చుట్టేముందు మార్కరు నాకిచ్చింది,
బాణం వెయ్యమంది, ఆకాశం ఏ పక్కో,
ఉత్తరం ఏ పక్కో.
చెయ్యి వణికింది. ఎండకే అనుకుంటా.

రాత్రి క్యాంపునుంచి వదినకు ఫోన్ చేశాను.
సుంకులమ్మొదినా, మన కొట్టంలో
గేదె కింది బండలు, గీతలవి,
ఏ పక్క ఏటవాలో చూసి చెప్పు.
అడిగాక గుర్తొచ్చింది,
తవ్వేరోజు బాణం వెయ్యలేదు మేము.
ఇప్పుడు ఎటు చూసినా ఒకటే.

"పేడ కడిగి చూడాల," అంది వదిన.
"అయినా వాటికేమైంది?
వానాకాలం గేదె జారకుండా నిలబడేది
ఆ బండల మీదే కదా."