ఆరున్నొకటి

ఆదోని సంతలో బుడ్డలు కొలిచే తాయవ్వ
ఒకటి అనదు.
మొదటి శేరుకు లాభం అంటది,
తర్వాతే రెండు, మూడు, నాలుగు.

ఆ గొంతును ఫోన్లో పట్టినాను నేను,
అరచేత్తో శేరు తలకొట్టిన చప్పుడుతో సహా.
ఇంకోరోజు జిన్నింగు మిల్లు వెనక గోడకు ఫోను ఆనించి
మిషను ఊపిరి పట్టినాను.
రెండింటినీ కోసి, కుట్టి,
రాత్రి మూడింటికి ఉరుకుందును లేపినాను.
వాడు కండ్లు తెరవలేదు.
నాలుగో సుట్టు తిరిగేసరికి
మాట ఎత్తుకున్నాడు:
మా నాయన వీపు మీద
మార్కెట్ యార్డు చదువుకోవచ్చు, అని.

నాకు ఒళ్ళు జలదరించింది.
అది మాత్రం ఎప్పుడూ కాదనలేదు నేను.

మా జట్టుకు పేరు వాడే పెట్టినాడు: సిరుగుప్ప క్రాస్.
కాదు, నేనే పెట్టినాను.
అదీ తెగలేదు ఈ పొద్దుటి దాకా.

వినాయక చవితి పందిట్లో వాడు ముందర, మైకు పట్టుకోని.
నేను స్పీకరు వెనక, లాప్‌టాప్ మీద
ఈగలు తోలుకుంటా.
మొదటేడు పోస్టరు: ఉరుకుందు, మాబాషా.
రెండో ఏడు: ఉరుకుందు, బృందం.
బృందం అంటే నేనే.
బృందం అన్నం తినిందా అని అమ్మ అడిగి నవ్వింది,
నేనూ నవ్వినాను,
నవ్వు సగంలో యాడనో ఇరుక్కునింది.

బళ్ళారి నుంచి నూనె ప్యాకెట్ల కంపెనీ వాళ్ళొచ్చినారు.
ఆ లాభం, రెండు, మూడు ఉంది చూడండి,
అది మాకు కావాల అన్నారు.
లక్షా ఇరవై.
ఉరుకుందుకు పాన్ కార్డు ఉంది, నాకు లేదు.
అంతే, ఇంగ పెద్ద కతేం లేదు.

మా దిక్కు దుడ్లను లెక్క అంటారు.
లెక్క వచ్చినదాకా
మేం లెక్క వేసుకోలేదు.

ఉగ్గాని బండి కాడ ముప్పై వేలు
పేపర్లో చుట్టి ఇచ్చినాడు.
మాట లేకుంటే నీ చప్పుడు ఎవరింటార్రా అన్నాడు.
చప్పుడు లేకుంటే నీ మాట
యాడ నిలబడతాదిరా అన్నాను.
బజ్జీలు చల్లారినాయి.
బిల్లు ఎవరిస్తారప్పా అన్నాడు బండాయన.
ఇద్దరం జేబులో చెయ్యి పెట్టలేదు.
అట్ల జరగడం అదే మొదలు.

ఇంతవరకు చెప్పిందంతా ఊరికి తెలుసు.
తెలియంది ఒకటుంది.
పాటను మొదటిసారి ఎక్కించిన రాత్రి
పేర్లు టైపు చేసింది నేను.
సంగీతం, ఆలోచన: మాబాషా.
కింద చిన్నచ్చరాల్లో వాని పేరు.
ఆలోచన అనే మాట ఎందుకు రాసినానో
చెయ్యి రాసింది, నేను తుడపలేదు.
వాడు చూసినాడు. ఏమీ అనలేదు.
చూడలేదులే అనుకున్నాను మూడేండ్లు.
పేపరు పొట్లం అందుకున్నప్పుడే తెలిసింది
చూసినాడని.

పోయిన బేస్తవారం సంతకు పోయినాను.
తాయవ్వకు చూపు ఆనడం లేదు,
చేతికి మాత్రం శేరు ఆనుతాంది.
సంచి పట్టుకోని కూర్చున్నాను.
లాభం, అనింది.
నా పాటే నాకు ఇనపడింది.
ఆమెకు మేం ఒక చీర కూడా పెట్టలేదు,
ఆలోచన ఎవరిదని కొట్టుకున్నోళ్ళం.

ఆరు దాటినాక ఏడు అనదు తాయవ్వ.
ఏడుపు ఇంట్లోకి వస్తదని
ఆరున్నొకటి అంటది.
ఆ మాటకాడ ఆగి, ఆ ఇంకో పిల్లోడు రాడేమిరా అనింది,
ఎన్నాళ్ళాయ మీరు కలిసి కనపడక?
ఆరు, అన్నాను.
శేరు గాల్లో పట్టుకోని ఉంది.
ఆరున్నొకటి, అన్నాను.

మూతి కట్టేముందు కొసరు వేసింది,
రెండు పిడికిళ్ళు.
ఒకటి వానికియ్యి, అనింది.

సంచి ఇంట్లో మంచం కింద ఉంది.
పురుగు పట్టకముందే ఇయ్యాల.