ఐదో పేపరు

మిల్లు గేటు దగ్గర రాత్రి కాపలా నాది.
లాకౌటు నోటీసు మీద సంతకం వానకి కారిపోయింది,
ఎవరు మూశారో ఇప్పుడా కాగితానిక్కూడా గుర్తులేదు.
టార్చిలైటు, మరచెంబు,
ఒళ్ళో దూరవిద్య వాళ్ళు పోస్టులో పంపిన పుస్తకం:
ఐదో పేపరు, ఆధునిక జపాన్ ఆర్థిక చరిత్ర.

నలభై ఆరేళ్ళకి ఎమ్మే ఏటని
మూడులాంతర్ల దగ్గర టీకొట్టు లోకనాథం నవ్వాడు.
చెప్పలేదు.
పద్దెనిమిదేళ్ళు టైమాఫీసులో కూర్చుని
మనుషులు లోపలికెళ్ళిన నిమిషం రాసినవాణ్ణి.
బయటికెందుకు వచ్చేశారో
ఒక్కసారైనా పద్ధతిగా చదవాలనిపించింది.

పద్దెనిమిది వందల డెబ్బై మూడు.
పన్ను ధాన్యంగా వద్దు, రొక్కంగా కట్టమంది అక్కడి సర్కారు.
పంట పండినా ఎండినా లెక్క ఒకటే.
ఆ పేజీలో మా తాత కనిపించాడు,
సంస్థానం శిస్తు కట్టలేక
గంట్యాడ వైపు నుంచి
మిల్లు గొట్టం పొగని గురి పెట్టుకుని
నడిచొచ్చిన మనిషి.
పెన్సిలుతో గీత గీశాను. అంతకన్నా ఏం చెయ్యాలో తెలీలేదు.

తర్వాతి పాఠం పట్టు.
మంచు కొండలు దాటి, గడ్డి చెప్పులతో
నూలు తియ్యడానికి వెళ్ళిన పన్నెండేళ్ళ ఆడపిల్లలు.
తండ్రి చేతిలో ముందే పెట్టేసిన అడ్వాన్సు.
వాళ్ళకి ఒక పేరా ఇచ్చారు,
ఎగుమతులకి నిండు పేజీ పట్టిక.
టార్చి దగ్గరగా పెట్టి వెతికాను.
వాళ్ళ దగ్గు ఏ గడిలోనూ లేదు.

తెల్లారగట్ల చోడంబలి తెస్తుంది గవరమ్మ,
ఒకప్పుడు వైండింగులో రెండో లైను.
ఆమెకా పేరా చదివి వినిపించాను.
కొంగుతో మూతి తుడుచుకుని
ఒకే మాట అడిగింది:
"ఆ గుంటలకి పీఎఫ్ ఇచ్చినారేటి బాబూ?"

ఒక వడ్రంగి కొడుకు మగ్గం కట్టాడట.
ఒక్క పోగు తెగితే చాలు
తనంత తానే ఆగిపోతుందట.
ఈ వాక్యం దగ్గర పుస్తకం మూసి, మళ్ళీ తెరిచాను.
మా దగ్గర పోగు తెగితే మర ఆగేది కాదు.
నడుస్తున్న దాంట్లోనే చెయ్యి పెట్టి
గవరమ్మ ముడేసేది.
ఆమె కుడి చూపుడువేలు సగమే ఉంటుంది.
మర ఆగిన రోజున మాత్రం
పోగులన్నీ ఒక్కసారే తెగాయి.
ఒకడు పారదీప్, ఒకడు వెరావల్ పడవల మీద,
కార్డింగు అప్పన్న కుటుంబం మొత్తం
మద్రాసు పక్కన ఇటుక బట్టీకి,
అడ్వాన్సు తీసుకునే.

పదేళ్ళలో ఆదాయం రెండింతలన్నారట అక్కడ,
ఏడేళ్ళకే అయిందట.
రెండింతల మాట మా గేటు మీటింగులోనూ విన్నాను.
అది కోన్ల టార్గెట్టు.

పరీక్ష కంటోన్మెంటు కాలేజీలో.
బెంచీ మీద ఎవరో కుర్రాడు కంపాసుతో చెక్కిన గుండె.
"జపాన్ అభివృద్ధికి కారణములు వివరింపుము."
పదిహేను మార్కులు.
భూమిపన్ను రాశాను. బళ్ళు, బ్యాంకులు, రైళ్ళు, పట్టు.
ఆరో పాయింటు అంకె వేసి, చుక్క పెట్టాను.
పెన్ను అక్కడ ఆగింది,
తనంత తానే.
ఇంకా ఇరవై నిమిషాలుంది. కిటికీలోంచి
సైకిలు స్టాండు కేసి చూస్తూ కూర్చున్నాను.

ముప్పై ఎనిమిదొచ్చాయి. పాసే.
గవరమ్మకి చెప్పాను. చెంబులో అంబలి పోస్తూ
"మన మిల్లు కోసం అడిగినారేటి?" అంది.
లేదన్నాను.
"మరైతే మనది ఎన్నో పేపరు?"

అంబలిలో ఉల్లిపాయ నంజుకుని తిన్నాను.
చెంబు కడిగి ఇచ్చాను.
ఆమె రోడ్డు దాటేదాకా చూసి
పాత హాజరు రిజిస్టరు తీసి
అలవాటు చొప్పున రాశాను:
ఐదూ యాభై.
గవరమ్మ, వైండింగు.
వచ్చింది.